సెకండ్ హ్యాండ్ సెంటర్ కన్సోల్ బోటు కొనడం ఎలా? గాలానికీ, ఇంటిల్లిపాది షికారుకీ ఒకటే పడవ కావాలనుకునేవాళ్ళకి

నీళ్ళలో గేదెకు గట్టు మీద బేరం అంటారు చూడండి, పాత బోటు కొనేవాళ్ళు చాలామంది చేసేది అచ్చంగా అదే. రేవులో తెల్లగా మెరుస్తూ తేలుతుంటుంది. ఇంజిను మూత మీద పేరున్న కంపెనీ బొమ్మ ఉంటుంది. అమ్మేవాడు మనల్ని ఎక్కించుకుని భవానీ ద్వీపం దాకా ఒక చుట్టు తిప్పి తెస్తాడు. మొహానికి గాలి తగిలి మనసు కరిగిపోతుంది, అక్కడికక్కడే అడ్వాన్సు చేతిలో పెట్టేస్తాం. నీళ్ళ కింద ఏముందో చూసినవాడు లేడు.

విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి వైపు నుంచి నన్ను అడిగేవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "ఆదివారం పొద్దున్నే గాలం వేసుకోవాలి, సాయంత్రం పిల్లల్ని, అమ్మానాన్నల్ని తిప్పాలి. కొత్తది కొనే స్తోమతు లేదు. పాతదాంట్లో ఏం చూడాలి?" విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చింది, అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

సెంటర్ కన్సోల్ అంటే స్టీరింగూ గేజీలూ ఉన్న దిమ్మె బోటు నడిమధ్యలో ఉండి, చుట్టూ మనిషి నడిచేంత దారి ఉన్న ఫైబరు బోటు. వెనక ఔట్‌బోర్డు ఇంజిను తగిలించి ఉంటుంది. గాలానికి చేప తగిలి అటూ ఇటూ లాగుతుంటే దానితోపాటే మీరూ బోటు చుట్టూ తిరగొచ్చు, దీని గొప్పతనమంతా అదే. ఇంట్లోవాళ్ళకి మాత్రం నీడ తక్కువ, కూర్చునే చోటు తక్కువ. ఈ రెండూ ఎలా సరిపెట్టుకోవాలో రెండో మెట్టులో చెబుతాను.

కావలసినవి

ముందు రోజే సంచిలో సర్దుకోండి:

- మంచి టార్చిలైటు, చేతి అద్దం (మూలల్లోకి తొంగిచూడడానికి)
- ప్లాస్టిక్ తల ఉన్న చిన్న సుత్తి. లేకపోతే స్క్రూడ్రైవరు పిడి చాలు
- టేపు, స్పానర్లు, స్పార్కు ప్లగ్గు విప్పే రెంచి
- కంప్రెషన్ గేజి (సిలిండరులో ఒత్తిడి కొలిచేది; టూవీలర్ మెకానిక్కుల దగ్గర అడిగితే దొరుకుతుంది, దాని మర ఈ ఇంజిను ప్లగ్గు మరకి సరిపోతుందో లేదో ముందే చూసుకోండి)
- తెల్లటి ప్లాస్టిక్ గిన్నె, పాత గుడ్డలు
- బోటుని పైకి తీయడానికి హైడ్రా క్రేను, వెడల్పాటి బెల్టులు. లేదా దాని సొంత ట్రైలరు
- దగ్గర్లో లారీలు తూచే కాటా
- మీరు కాకుండా నలుగురు పెద్ద మనుషులు, అందరికీ లైఫ్ జాకెట్లు
- ఔట్‌బోర్డు ఇంజిన్ల మీద పనిచేసిన మెకానిక్కు

చివరిదాని గురించి ఒక మాట. మన ఆటోనగర్‌లో లేని పనివాడు లేడు. కానీ లారీ ఇంజిను కళ్ళు మూసుకుని విప్పేవాడికి కూడా ఔట్‌బోర్డు కొత్తే కావచ్చు. మచిలీపట్నం గిలకలదిండి, నిజాంపట్నం రేవుల్లో పడవ ఇంజిన్లు బాగుచేసేవాళ్ళు ఉంటారు. ఒకరోజు కూలీ, దారి ఖర్చులు, భోజనం పెట్టుకుని తీసుకురండి. మొత్తం కొనుగోలులో ఇంత చవకగా వచ్చే ఇన్సూరెన్సు మరొకటి లేదు.

1. బోటు కంటే ముందు నీళ్ళు తేల్చుకోండి

ఎక్కడ నడుపుతారు? జవాబు "కృష్ణలో" అయితే, ఏ కృష్ణలో?

ప్రకాశం బ్యారేజీకి ఎగువన ఇబ్రహీంపట్నం, అమరావతి వైపు నిలవ నీరు. అలలు చిన్నవి, ఇసుక మేటలు ఎక్కువ. నిన్న లోతున్న చోట ఒక వరద తర్వాత మోకాలి లోతు ఉంటుంది. ఇక్కడికి అడుగు కాస్త చదునుగా ఉన్న బోటు కావాలి. వెనక వైపు అడుగు వాలు (నడిమి గీత నుంచి పక్కలకి అడుగు పైకి లేచే కోణం) 12 నుంచి 16 డిగ్రీలు ఉంటే చాలు. ఇంజిను పైకి లేపితే అడుగు లోతు నీళ్ళలో కూడా తేలాలి.

నాగాయలంక, హంసలదీవి వైపు వెళ్ళి పండుగప్ప పట్టాలనుకునేవాళ్ళది వేరే లెక్క. అక్కడ ఆటుపోట్లు, ఉప్పునీళ్ళు, గాలి. మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటి సముద్రంలోకి పోవాలంటే వాలు 20 డిగ్రీలు పైబడిన అడుగు, ఎత్తయిన అంచులు, అనుభవమున్న సరంగు కావాలి. పైగా తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. రెండు చోట్లకీ సరిపోయే బోటు అంటూ ఎవరైనా చెబితే అది రెండు చోట్లా సగం సగమే పనికొస్తుందని అర్థం. కుటుంబంతో తిరిగేవాళ్ళకి నా సలహా: ఎగువ కృష్ణకి సరిపోయేది కొనండి, సముద్రం సరదా పుట్టినప్పుడు అద్దెకి తీసుకోండి.

బ్యారేజీకి దిగువన యనమలకుదురు వైపు ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళ కంటే ఇసుకే కనబడుతుంది. అక్కడ ఇల్లుందని బోటు కొనకండి.

ఇంకో చిక్కు దించడం. మన ఘాట్లన్నీ జనం స్నానాలకి దిగేందుకు కట్టిన మెట్లు, బోటు జారవిడిచే ర్యాంపులు కావు. ప్రతిసారీ హైడ్రా పిలిస్తే మూడో వారానికే సరదా తీరిపోతుంది. నీళ్ళలోనే ఉంచేస్తే వరద రోజుల్లో దాన్ని ఎక్కడికి చేరుస్తారు? 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు కట్లు తెగిన పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లని గుద్దిన సంగతి మర్చిపోలేం. బోటుకి చోటు దొరికాకే బోటు వెతకండి.

2. ఇంట్లోవాళ్ళని అడగండి

పొడవు 17 నుంచి 20 అడుగులు, వెడల్పు 7 అడుగులకి తగ్గకుండా చూసుకోండి. ఎంతమంది పడతారో అమ్మేవాడి మాట మీద వదలొద్దు. ఇరవై అడుగుల లోపు బోట్లకి అమెరికాలో వాడే మోటు లెక్క ఒకటుంది: పొడవుని వెడల్పుతో గుణించి 15తో భాగించడం, అన్నీ అడుగుల్లో. 18 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు అయితే 8 మంది. అది ప్రశాంతమైన నీళ్ళలో, బుద్ధిగా కూర్చున్న మనుషుల లెక్క. మనవాళ్ళు ఒక్కరు సెల్ఫీ అంటే అందరూ ఒకే వైపుకి వస్తారు. కాబట్టి 8 వస్తే 6 అనుకోండి. 2017 నవంబరు 12న పవిత్ర సంగమం దగ్గర బోల్తా పడిన పడవలో ఇరవై మందికి పైగా పోయారు. ఆ తేదీ తర్వాత ఈ లెక్కలో మొహమాటానికి చోటు లేదు.

ఇక ఆడవాళ్ళనీ, పెద్దవాళ్ళనీ ఒక్కసారి గట్టు మీదున్న బోటులోకే ఎక్కించి చూడండి. చీర కట్టుకుని ఎక్కడానికి పట్టుకొమ్మ ఉందా? నిలబడితే అంచు మోకాలి పైకి వస్తుందా, కిందికే ఉండిపోతుందా? మోకాలి కిందికుంటే పిల్లలున్న ఇంటికి వద్దు. నేల మీద నీళ్ళు చల్లి నడవండి, జారితే తెలిసిపోతుంది. నీళ్ళలో పడ్డ మనిషి తిరిగి ఎక్కడానికి నిచ్చెన ఉండాలి. కొన్నిటికి కన్సోల్ దిమ్మె లోపల చిన్న మరుగుదొడ్డి ఉంటుంది. దొరికితే అదృష్టం, మా ఇంట్లో అయితే బోటు విషయంలో వాళ్ళు మెచ్చుకున్నది అదొక్కటే.

నీడ లేకపోతే మార్చి నుంచి జూన్ దాకా మన ఎండకి బోటు రేవులోనే ఉంటుంది. గొట్టాల మీద బిగించిన గట్టి పైకప్పు ఉంటే మంచిది. మడిచే గుడ్డ పందిరి అయినా సరే, కాకపోతే గాలం విసిరేటప్పుడు అడ్డమొస్తుంది. గొట్టాల వెల్డింగు అతుకుల దగ్గర, అవి డెక్కు మీద కూర్చునే పాదాల దగ్గర పగుళ్ళు చూడండి.

3. కాగితాలు చూశాకే బోటు చూడండి

బోటు చూశాక మనసు మాట వినదు, అందుకని ముందే. ఇంజిను బిల్లు, బోటు కొన్న బిల్లు, దిగుమతి చేసుకున్నదైతే కస్టమ్స్ కాగితం, బ్యాంకు అప్పుంటే తీరినట్టు పత్రం అడగండి. ఇంజిను బ్రాకెట్టు మీదున్న నంబరు, బోటు వెనక మూలలో చెక్కిన నంబరు ఈ కాగితాలతో కలవాలి. గీకేసిన నంబరు కనబడితే టీ తాగి వచ్చేయండి.

నదిలో నడిచే మర పడవలకి ఇప్పుడు ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం, 2021 వర్తిస్తుంది. పాత 1917 చట్టం పోయింది. రిజిస్ట్రేషను, సర్వే సర్టిఫికెట్టు, ఇన్సూరెన్సు గురించి అడగండి. "ఇక్కడ ఎవరూ అడగరు సార్" అన్న మాట వినబడితే ధర తగ్గించడానికి అదే మొదటి కారణం. సొంతానికి తిప్పుకోవడం వేరు, డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకోవడం వేరు. రెండోదాని జోలికి పోవాలంటే నిబంధనలు ఇంకా గట్టివి. గాలం వేసే చోట చేపల హక్కులు మత్స్యకార సంఘాలకి ఉండొచ్చు, స్థానిక మత్స్యశాఖ ఆఫీసులో ముందే అడిగి పెట్టుకోండి.

హెచ్చరిక: సబ్సిడీ మీద మత్స్యకారులకి ఇచ్చిన ఇంజిను చవకగా వస్తోందంటే తీసుకోకండి. అలాగే కిరసనాయిలుతో నడిచే ఇంజిన్లు వేటకి బాగుంటాయి కానీ, ఆ పొగలో పిల్లల్ని కూర్చోబెట్టలేరు.

4. గట్టుకెక్కించండి, పొద్దున్నే చూడండి

నీళ్ళలో ఉండగా బేరం లేదని ఖరాఖండిగా చెప్పండి. హైడ్రా కూలి మీరే ఇచ్చినా నష్టం లేదు. ఒప్పుకోనివాడి దగ్గర దాచే సంగతి ఉన్నట్టే.

ఏటవాలు ఎండలో బోటు పక్కన వంగి, అంచు వెంబడి కంటితో దూలాన్ని చూసే వడ్రంగిలా చూడండి. అడుగు మీద అలలు, గుంటలు, అతుకులు అప్పుడే కనబడతాయి. మిట్టమధ్యాహ్నం ఏమీ కనబడవు. సన్నటి వెంట్రుకవాసి పగుళ్ళు ఎండకి వస్తాయి, వాటికి భయపడొద్దు. ఒక చోటు నుంచి సాలెగూడులా విచ్చుకున్నవి, లోతైనవి, తాడు కట్టే కొక్కేల చుట్టూ ఉన్నవి, లోపలి మూలల్లో ఉన్నవి మాత్రం దెబ్బకో, బలహీనతకో గుర్తులు. అడుగున బొబ్బల్లాంటివి ఉంటే ఫైబరులోకి నీరు చేరింది. ముక్కు కింద ఇసుకకి రాసుకుని ఫైబరు పీచు బయటపడిందేమో తడమండి. కృష్ణలో తిరిగిన ప్రతి బోటుకీ కాస్తో కూస్తో ఉంటుంది, పూత వేస్తే సరిపోతుంది. మిగతా బోటు పాతగా ఉండి అడుగుకి మాత్రం కొత్త పెయింటు ఉంటే, పెయింటు ఎందుకు వేశారో ముందు తేలాలి.

5. ట్రాన్సమ్: ఇక్కడ తొందరపడొద్దు

ఇంజిను బిగించి ఉండే వెనక గోడని ట్రాన్సమ్ అంటారు. పైన ఫైబరు, పాత బోట్లలో లోపల ప్లైవుడ్డు. బోల్టు రంధ్రాల్లోంచి నీరు దిగి ఆ చెక్క కుళ్ళుతుంది. బయటికి ఏమీ కనబడదు. పైన పటారం లోన లొటారం అన్న మాట దీనికోసమే పుట్టిందేమో అనిపిస్తుంది నాకు. ఇంజిను ఒక్కటే వంద కిలోలు దాటుతుంది, అది వేలాడేది ఈ గోడ మీద. నేను కొన్న మొదటి బోటుకి ఇదే పోయింది. వేరే రాష్ట్రపు రిసార్టు నుంచి వచ్చిన బోటు, ఫొటోల్లో పెళ్ళికూతురులా ఉంది. రెండో నెలలో ఇంజిను వెనక్కి ఒరుగుతోందని మా అబ్బాయి కనిపెట్టాడు. విప్పి చూస్తే లోపల చెక్క కాదు, నానిన పిడకలా ఉంది.

ఇలా చేయండి:

మొదట సుత్తితో తట్టండి. కుండ కొనేటప్పుడు వేలితో మోగించి చూస్తాం కదా, అదే పని. బోటు పక్క గోడ మీద గట్టి చోటు ఒకటి తట్టి ఆ శబ్దం చెవిలో పెట్టుకోండి. తర్వాత ట్రాన్సమ్ మీద అరచెయ్యంత దూరంలో ఒక్కో దెబ్బ. ఖంగుమంటే మంచిది. మొద్దుగా, బూరుగు దిండు మీద కొట్టినట్టు వినిపిస్తే ఆ చోట సుద్దముక్కతో గుండ్రంగా గీయండి. గీతలు రెండు మూడు చేరి ఒక మచ్చగా కలిస్తే లోపల కుళ్ళు.

తర్వాత ఇంజినుని సగం పైకి లేపి, ప్రొపెల్లరు పైనున్న రెక్కలాంటి పళ్ళెం మీద చేతులు వేసి మీ బరువంతా మోపి ఊపండి. ఇంకొకరు లోపలి నుంచి ట్రాన్సమ్ పైఅంచు చూడాలి. ఇంజిను ఊగడం సహజం; గోడ ఊగకూడదు, మూలల్లో పగులు నోరు తెరవకూడదు.

చివరిగా ట్రాన్సమ్ కింది భాగంలో ఉన్న చిన్న స్క్రూ ఒకటి (సెన్సరుకో, నీళ్ళ గొట్టానికో వేసింది) అమ్మేవాడి అనుమతితో విప్పండి. స్క్రూకి నల్లటి తడి పొడి అంటినా, రంధ్రంలోంచి టీ డికాక్షను రంగు నీరు ఊరినా సంగతి తేలిపోయినట్టే. విప్పనివ్వకపోతే, ఆ మాట కూడా బేరంలో వాడుకోండి.

ట్రాన్సమ్ మార్చడం అసాధ్యమేమీ కాదు. ఫైబరు పని తెలిసినవాళ్ళు పాత చెక్క తీసి కొత్తది వేస్తారు. కానీ ఇంజిను దించాలి, వెనక భాగం కోయాలి, వారాల పని. ఆ ఖర్చు రాతలో తీసుకుని ధరలో రెట్టింపు తగ్గిస్తేనే కొనండి. రెట్టింపు ఎందుకంటే, తెరిచాక కనబడేది ఎప్పుడూ అనుకున్న దానికంటే ఎక్కువే.

6. డెక్కు, ట్యాంకు, తూకం

చెప్పులు విప్పి డెక్కంతా మడమలతో నడవండి. ఎక్కడైనా మెత్తగా దిగితే కింద చెక్క నానింది. కన్సోల్ చుట్టూ, సీటు కాళ్ళ దగ్గర ఎక్కువ చూడండి.

ఈ రకం బోట్లలో పెట్రోలు ట్యాంకు చాలాసార్లు డెక్కు కింద, నురగ (బోటు తేలడానికి నింపే ఫోము) మధ్యలో పూడ్చి ఉంటుంది. అల్యూమినియం ట్యాంకు చుట్టూ నీరు నిలిస్తే చిల్లులు పడుతుంది. మార్చాలంటే డెక్కు కోయాలి. ట్యాంకు పైన డెక్కులో ఉన్న మూత తెరిచి గేజి సెన్సరు చుట్టూ తెల్లటి పొడి తుప్పు ఉందేమో టార్చితో చూడండి. అడుగు గదుల్లో ముక్కు పెట్టి వాసన చూడండి. రాత్రంతా మూసి ఉంచిన బోటు పొద్దున్నే తెరవగానే పెట్రోలు వాసన గుప్పుమంటే ఇంజిను స్టార్టు చేయొద్దు, స్విచ్చు కూడా వేయొద్దు.

పెట్రోలు గురించి ఇంకో సంగతి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాలు కలిసింది. ఔట్‌బోర్డు ఇంజిన్ల పుస్తకాల్లో మామూలుగా పది శాతం దాకానే ఒప్పుకుంటారు. ఇథనాలు గాల్లో తేమని లాక్కుంటుంది, వారాల తరబడి ట్యాంకులో ఉంటే నీరు అడుక్కి చేరుతుంది, పాత రబ్బరు పైపులు ఉబ్బి పొరలూడతాయి. అమ్మేవాడు ఎన్ని నెలలుగా ఇదే పెట్రోలు ఉంచాడో అడగండి. నీటిని వేరుచేసే ఫిల్టరు ఉందా చూడండి. దాన్ని విప్పి గిన్నెలో పోయిస్తే అడుగున నీటి పొర కనబడుతుందో లేదో మీకే తెలుస్తుంది. ఫిల్టరే లేకపోతే వెంటనే పెట్టించే ఖర్చు రాసుకోండి. బయట పెట్టుకునే విడి ట్యాంకు ఉన్న చిన్న బోటు దొరికితే, నన్నడిగితే నదికి అదే హాయి: ఇంటికి తీసుకెళ్ళి కడుక్కోవచ్చు.

ఇప్పుడు కాటా. చాలామంది చేయని పని ఇదే. ట్రైలరుతో సహా తూచి, బోటు దించాక ఖాళీ ట్రైలరు తూచండి. కంపెనీ చెప్పే ఖాళీ బోటు బరువుకి ఇంజిను, బ్యాటరీ, ట్యాంకులో పెట్రోలు బరువులు కలపండి. తూకం ఆ మొత్తం కంటే వంద, నూటయాభై కిలోలు ఎక్కువ చూపిస్తే, సామాను లెక్కకి రాకపోతే, డెక్కు కింద నురగ నీళ్ళు తాగింది. అది ఎండబెడితే ఎండదు. లారీ కాటాలు ఐదు పది కిలోల తేడా చూపిస్తాయి, దానికి కంగారు పడొద్దు.

7. ఇంజిను

పాత బోటు ధరలో సగం పైన ఇంజినుదే ఉంటుంది. ముందు మూత మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్టు చేశారు, చల్లారాక మళ్ళీ రండి. చల్లటి ఇంజిను ఎలా అందుకుంటుందన్నదే పరీక్ష.

స్టార్టు చేయకముందే గేరు ఆయిలు చూడాలి. ప్రొపెల్లరు ఉన్న కింది భాగంలో అడుగు స్క్రూ కాస్త వదులు చేసి గిన్నెలోకి చెంచాడు రానివ్వండి. మొదట నీటి చుక్కలు వచ్చినా, పాలు కలిపిన కాఫీలా ఉన్నా సీలు పోయింది. వేళ్ళ మధ్య రుద్దితే ఇనుప పలుకులు తగిలితే గేర్లు తింటున్నాయి. తళతళలాడే కొత్త ఆయిలు ఉంటే సంతోషపడకండి. నిన్ననే మార్చి ఉండొచ్చు. అందుకే నీటి మీద తిప్పి వచ్చాక మరోసారి చూడాలి. ప్రొపెల్లరు విప్పి వెనక గాలపు తీగ చుట్టుకుందేమో కూడా చూడండి, ఆ సీలుని కోసేది చాలాసార్లు అదే. మన నదిలో వలల దారం కూడా.

తర్వాత కంప్రెషన్. ఇంజిను వేడెక్కాక అన్ని ప్లగ్గులూ విప్పి, ఇగ్నిషన్ ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒక్కో సిలిండరుకి ఐదారు తిప్పులు. అంకె ఎంతన్నది మోడల్ని బట్టి మారుతుంది, సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటకూడదు. నాలుగింట్లో మూడు 170 పీఎస్‌ఐ చూపించి ఒకటి 130 చూపిస్తే ఆ బోటు ముందు నుంచి లేచి రండి.

హెచ్చరిక: గట్టు మీద నీళ్ళు లేకుండా ఇంజిను తిప్పొద్దు, తిప్పనివ్వొద్దు. లోపల నీటిని లాగే రబ్బరు ఇంపెల్లరు కొద్ది సెకన్లలో కాలిపోతుంది. నీళ్ళ డ్రమ్ములో ముంచి గానీ, పైపు బిగించే రబ్బరు చెవులు తగిలించి గానీ నడపండి. వెనక నుంచి పిచికారీలా నీటి ధార ఆగకుండా రావాలి. ఇసుక నీళ్ళలో తిరిగిన ఇంజినుకి ఇంపెల్లరు త్వరగా అరుగుతుంది కాబట్టి కొన్నాక ఎలాగూ మార్చేయండి.

ఎన్ని గంటలు నడిచిందో మీటరు మీద నమ్మొద్దు. కొత్త తరం ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లలో కంప్యూటరు తగిలిస్తే అసలు గంటలు, ఎంత వేగంతో ఎన్ని గంటలు తిరిగిందీ చెబుతుంది. సర్వీసు పుస్తకం ఉన్న వెయ్యి గంటల ఇంజిను, ఐదేళ్ళుగా షెడ్డులో పడి ఉన్న వంద గంటల ఇంజిను కంటే మేలు. ఈ మాట చాలామంది నమ్మరు. వాడని ఇంజిను వాడని బావి లాంటిది.

ఇంజినుని పూర్తిగా పైకి లేపి అరగంట వదిలేయండి. దానంతట అది కిందికి దిగితే లేపే పంపు సీళ్ళు పోయాయి. స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకి ఒక చేత్తో తిరగాలి. వైర్లు విప్పి చూస్తే కారు వైర్లు, టేపు చుట్టిన అతుకులు కనబడితే మొత్తం కొత్తగా వేయించాలనుకోండి. బోటు అడుగున చేరిన నీటిని బయటికి తోడే బిల్జి పంపు మీద బకెట్టెడు నీళ్ళు పోసి అదంతట అది ఆన్ అవుతుందో లేదో చూస్తే చాలు.

8. నీటి మీద

మీరు తెచ్చిన నలుగురినీ ఎక్కించండి. ఒంటరిగా తిప్పితే ఏ బోటైనా గుర్రమే.

ముందు రేవులోనే అందరినీ వెనక ఒక మూలకి నిలబెట్టండి. డెక్కు మీది నీరు పోయే రంధ్రాల్లోంచి నీళ్ళు తిరిగి లోపలికి ఎంత వస్తున్నాయి? పాదాలు మునిగితే ఈ బోటుకి ఆ బరువు ఎక్కువ, లేదా లోపల నీరు తాగి ఉంది. కాటా లెక్కతో పోల్చండి.

తర్వాత లోతు తెలిసిన చోట పూర్తి వేగం. ఇంజిను పుస్తకంలో ఉన్న ఆర్‌పీఎం హద్దుకి, అది చాలావాటిలో 5,000 నుంచి 6,000 మధ్య, అందుకోవాలి. అందుకోకపోతే మూడు కారణాల్లో ఒకటి: ప్రొపెల్లరు సరిపోనిది, ఇంజిను నీరసం, బోటు బరువు. మొదటిది చవక, మిగతా రెండూ కాదు. బోటు ముక్కు పైకెత్తి మళ్ళీ కిందికి దిగి నీటి మీద పరుగెత్తడానికి పది సెకన్లు దాటితే కారణం అడగండి. ముప్పావు గంటకి తక్కువ తిప్పొద్దు; వేడెక్కాక వచ్చే రోగాలు మొదటి పది నిమిషాల్లో కనబడవు. మధ్యలో రెండుసార్లు ఆపి మళ్ళీ స్టార్టు చేయండి. అత్యవసరంగా ఆపే ఎర్ర తాడుని లాగి చూడండి, లాగిన వెంటనే ఇంజిను ఆగాలి.

వరద రోజుల్లో ఈ పరీక్ష పెట్టుకోకండి. బ్యారేజీ గేట్లు ఎత్తి ఉన్నా, పులిచింతల నుంచి నీరు వదిలారన్న కబురున్నా ఆ వారం వదిలేయండి. బ్యారేజీ వైపు ఎప్పుడూ పోవద్దు, ఇంజిను ఆగితే లాగేది అటే.

9. బేరం

నోటితో కాదు, కాగితంతో. మార్చాల్సినవన్నీ వరుసగా రాసి పక్కన ఖర్చు వేసి అమ్మేవాడి ముందు పెట్టండి. ఒప్పందంలో ఇంజిను నంబరు, బోటు నంబరు, లైఫ్ జాకెట్లు, లంగరు, తాళాలతో సహా రాయించండి. ట్రైలరుకి వేరే కాగితాలుంటే అవీ మీ పేరుకి మారాలి. పూర్తి డబ్బు పేర్లు మారాకే.

తరచూ చేసే తప్పులు

ఇంజిను హార్స్‌పవరు చూసి మురిసిపోవడం మొదటిది. ఎగువ కృష్ణలో 18 అడుగుల బోటుకి 60 నుంచి 90 హెచ్‌పీ సుబ్బరంగా సరిపోతుంది. 150 పెట్టిన బోటు పెట్రోలు తాగుతుంది, వెనక బరువుతో నీళ్ళలోకి కూర్చుంటుంది. ఇంజిను కాలు (నీళ్ళలోకి దిగే నిలువు భాగం) పొడవు ట్రాన్సమ్ ఎత్తుకి కలవకపోవడం ఇంకొకటి: 15, 20, 25 అంగుళాల్లో వస్తాయి, ఎవరో మార్చి బిగించిన ఇంజిను అయితే టేపు పెట్టి కొలవండి.

సముద్రంలో తిరిగిన బోటుని మంచినీళ్ళకి తెచ్చినప్పుడు, ఇంజినుకి తుప్పు పట్టకుండా తగిలించిన జింకు దిమ్మెలు అలాగే ఉంచేస్తారు. మంచినీళ్ళలో వాటి మీద పొర కట్టి పనిచేయవు. మెగ్నీషియంవి వేయించాలి, మొగల దగ్గర తిప్పితే అల్యూమినియంవి.

ఇంకా, పిల్లలకి పెద్దల లైఫ్ జాకెట్టు తొడగడం. నీళ్ళలో పడితే జాకెట్టు పైకి, పిల్లాడు కిందికి. పిల్లాడి బరువుకి సరిపడేది, కాళ్ళ మధ్య పట్టీ ఉన్నది విడిగా కొనండి. బోటుతో పాటు ఇచ్చేవి మెడ దగ్గర చిరిగి ఉంటాయి, లెక్కలోకి తీసుకోకండి.

10. ఇంటికి తెచ్చాక

మొదటి వారంలోనే ఇంపెల్లరు, ఇంజిను ఆయిలు, గేరు ఆయిలు, రెండు ఫిల్టర్లు, పెట్రోలు పైపు మార్చేయండి. ట్యాంకులో పాత పెట్రోలు తీసేయండి. మొదటి మూడు షికార్లు మగవాళ్ళు, ఈత వచ్చినవాళ్ళు మాత్రమే, ఒడ్డుకి దగ్గరగా, తెడ్డు, గడ, లంగరు, వంద అడుగుల మోకు వెంట పెట్టుకుని. కుటుంబాన్ని నాలుగోసారి ఎక్కించండి.

పది గంటలు నడిచాక గేరు ఆయిలు స్క్రూ మళ్ళీ వదులు చేసి చూడండి. తేనెరంగులో శుభ్రంగా ఉంటే వంద గంటల దాకా దాని జోలికి పోనక్కర్లేదు. కాఫీలా వస్తే సీలు మార్పించేదాకా బోటుని నీళ్ళలోకి దించకండి.